డెంగీకి ఊరు సిద్ధంగా ఉండటమంటే ఏమిటి

వీధిలో ఒకరికి డెంగీ అని తేలిన మర్నాడు ఏం జరుగుతుందో తెలుగు పట్టణాల్లో అందరికీ తెలిసిందే. మున్సిపాలిటీకి ఫోన్లు వెళ్తాయి. సాయంత్రానికి ఫాగింగ్ బండి వస్తుంది. పొగ లోపలికి రాకుండా అందరూ తలుపులు, కిటికీలు వేసుకుంటారు. పొద్దున్నే కాలవల వెంట తెల్లగా బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఫొటోలు కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వస్తాయి. అందరికీ కాస్త ధైర్యం చిక్కుతుంది. వారం తిరిగేసరికి రెండిళ్ల అవతల ఇంకో పిల్లవాడు జ్వరంతో మంచం పడతాడు.

ఇందులో పొగ పెట్టినవాళ్ల తప్పు గానీ, బ్లీచింగ్ చల్లినవాళ్ల తప్పు గానీ లేదు. ఆ పని మొదలయ్యే నాటికే ఆలస్యమైపోయింది. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒంట్లో డెంగీ వైరస్ ఉన్న మనిషిని దోమ కుట్టాక, ఆ దోమ ఇంకొకరికి రోగం అంటించే స్థితికి రావడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. అది కుట్టిన మనిషికి జ్వరం రావడానికి మామూలుగా మరో 4 నుంచి 7 రోజులు. జ్వరం వచ్చాక రెండు రోజులు మాత్రలు వేసుకుని చూసి, తగ్గకపోతే మూడో రోజు రక్తపరీక్షకు వెళ్తారు. అంటే వీధిలో ‘మొదటి కేసు’ బయటపడేసరికి వైరస్ అక్కడికి వచ్చి రెండు మూడు వారాలు గడిచిపోయి ఉంటుంది. పైగా డెంగీ సోకినవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు, ఉన్నా మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. వాళ్లను కుట్టిన దోమలు కూడా వైరస్‌ను మోస్తూనే ఉంటాయి.

కాబట్టి డెంగీ విషయంలో సన్నద్ధత అంటే కేసు వచ్చాక ఎంత వేగంగా కదిలామన్నది కాదు. కేసులే లేని రోజుల్లో, ఎవరూ భయపడని రోజుల్లో, వీధిలో వారం వారం ఏ పని జరుగుతోందన్నది. 2023లో దేశం మొత్తం మీద ప్రభుత్వ లెక్కల ప్రకారం 2.89 లక్షల మందికి డెంగీ వచ్చింది, 485 మంది చనిపోయారు. జాతీయ డెంగీ దినాన్ని మే 16న జరుపుతారు. వానలకు ముందే మేలుకోవాలని ఆ తేదీ పెట్టారు. మన దగ్గర మాత్రం హడావుడి ఆగస్టులో మొదలవుతుంది.

కొడుతున్నది వేరే దోమని

దోమ అనగానే మనకు మురుగుకాలవే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో మూసీ పక్కన, చెరువుల పక్కన సాయంత్రమయ్యేసరికి గుంపులుగా లేచే దోమల్లో ఎక్కువ భాగం క్యూలెక్స్ జాతివి. అవి మురుగునీళ్లలో పుడతాయి, రాత్రిళ్లు కుడతాయి, నిద్ర పోనివ్వవు, బోదకాలు వ్యాధిని మోస్తాయి. డెంగీని మోయవు. మలేరియాది ఇంకో దోమ, అనాఫిలిస్. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేట దగ్గర. ఆ భవనం ఇప్పటికీ ఉంది. ప్రపంచ దోమల దినం కూడా ఆ రోజునే. దోమల చరిత్రలో ఇంత పేరున్న ఊళ్లో కూడా ఏ దోమ ఎక్కడ పుడుతుందన్న సంగతి ఇంటింటికీ చేరలేదు.

డెంగీ దోమ పేరు ఈడిస్ ఈజిప్టై. నల్లగా, చిన్నగా, కాళ్ల మీద తెల్లచారలతో ఉంటుంది. మురుగు కాదు, ఇంట్లో మనం పట్టుకున్న మంచి నీళ్లే దానికి కావాలి. పగలు కుడుతుంది. పొద్దెక్కిన తర్వాత రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దు వాలే ముందు దాని జోరు ఎక్కువ. కడుపు నిండాక మంచం కింద, బీరువా వెనక, కొక్కేనికి వేలాడే ప్యాంట్ల మధ్య, పరదాల చాటున కూర్చుంటుంది. వీధిలో పెట్టిన పొగ మూసిన కిటికీలు దాటి ఆ ప్యాంట్ల దాకా ఎలా చేరుతుంది? చేరినా చచ్చేది ఆ క్షణంలో ఎగురుతున్న దోమలే. డ్రమ్ములో ఉన్న పిల్ల దోమలు రెండు రోజుల్లో రెక్కలు తొడుక్కుని బయటికి వస్తాయి.

ఈ దోమ గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఇది దూరం పోదు. మామూలుగా పుట్టిన చోటుకు ఒకటి రెండు వందల మీటర్ల లోపే దాని బతుకంతా తెల్లారిపోతుంది. అంటే మనల్ని కుట్టిన డెంగీ దోమ ఊరవతలి చెరువులోంచి రాలేదు. మన ఇంట్లోనో, పక్కింట్లోనో, ఎదురింటి మేడ మీదో పుట్టింది. ఒక్క ఇల్లు శుభ్రంగా ఉంటే చాలదు, అలాగని ఊరంతా ఒకేసారి కదలాల్సిన పనీ లేదు. ఒక వీధి, నలభై యాభై ఇళ్లు కలిస్తే తేడా తెలుస్తుంది. డెంగీ నివారణలో ‘సమాజ భాగస్వామ్యం’ అని పెద్ద మాట వాడతారు గానీ, నిజానికి ఆ సమాజం ఒక వీధంత ఉంటే చాలు.

ఒక డ్రమ్ము దగ్గర

బాత్‌రూమ్ పక్కన ఉండే నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మునే తీసుకుందాం. నల్లా వచ్చినప్పుడు నింపుతారు, సగం వాడేసరికి మళ్లీ నల్లా వస్తుంది, పైనుంచి నింపేస్తారు. అడుగు దాకా ఖాళీ అయ్యే రోజంటూ రాదు. పై నుంచి చూస్తే నీళ్లు తేటగా ఉంటాయి. ఫోన్ టార్చి వేసి, డ్రమ్మును వేలితో ఒకసారి తడితే అప్పుడు కనిపిస్తాయి. నీటి పైన తలకిందులుగా వేలాడుతున్న సన్నని పురుగులు ఒంటిని మెలితిప్పుకుంటూ అడుగుకు దిగిపోతాయి. ఒక్క నిమిషం ఆగితే ఊపిరి కోసం మళ్లీ పైకి వస్తాయి. వాటిలో కొన్ని కామా గుర్తులా వంగి, లావు తలతో ఉంటాయి. అవి ప్యూపాలు. ఒకటి రెండు రోజుల్లో దోమలైపోతాయి. తెల్లటి పళ్లెంలోకి ఒక చెంబు నీళ్లు వంచితే చిన్నపిల్లలు కూడా లెక్కపెట్టగలరు.

నీళ్లు పారబోస్తే పురుగులు పోతాయి, గుడ్లు పోవు. ఆడ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు నల్లటి చుక్కల్లా అంటిస్తుంది. ఒకే చోట అన్నీ పెట్టకుండా నాలుగైదు పాత్రల్లో పంచుతుంది. ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. ఎండాకాలమంతా మేడ మీద ఖాళీగా పడి ఉన్న పాత కూలర్‌లోకి జూన్‌లో మొదటి వాన నీళ్లు చేరగానే, కిందటేడు పెట్టిన గుడ్లు కూడా పొదుగుతాయి. అందుకే వంచేసి ఊరుకోకుండా, లోపలి గోడను కొబ్బరి పీచుతోనో, బట్టలుతికే బ్రష్షుతోనో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి మామూలుగా 7 నుంచి 10 రోజులు. వారానికోసారి రుద్దితే ఆ చక్రం తెగుతుంది, పదిహేను రోజులకోసారి రుద్దితే తెగదు. వారానికోరోజు నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేయమనే ‘శుక్రవారం డ్రై డే’ వెనక ఉన్న లెక్క ఇదే. ఆ లెక్క చెప్పకుండా శుక్రవారం అని మాత్రం చెబితే, జనానికి అది సర్కారువారి ఇంకో కార్యక్రమంలాగే వినిపిస్తుంది.

డ్రమ్ము ఒక్కటే కాదు. తెలంగాణ పల్లెల్లో వాకిట్లో ఉండే గోలెం, కృష్ణా, గుంటూరు వైపు సిమెంటు గాబు, పశువుల కుడితి తొట్టి, పెరట్లో వాడకం మానేసిన రోలు, మనీ ప్లాంట్ పెట్టిన సీసా, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ఎవరూ చూడని ట్రే, మెకానిక్ షెడ్డు ముందు పాత టైర్లు, కొబ్బరిబొండాల బండి దగ్గర చిప్పలు, కడుతున్న అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ గుంత. వీటన్నిటిలోనూ దోమ పుట్టొచ్చు, కానీ అన్నీ సమానం కాదు. కొబ్బరి చిప్పలో పది పుడితే, మూత లేని గాబులో వందలు పుడతాయి. అన్నింటి వెంటా పడి అలసిపోవడం కంటే, మన వీధిలో ఎక్కువ దోమల్ని పుట్టిస్తున్నవేవో రెండు మూడు కనిపెట్టి వాటి మీద పడటం మేలు.

నీళ్లు రాని ఊళ్లో నీళ్లు పారబోయమంటే

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పోస్టర్లలో ఎక్కడా కనపడని చిక్కు.

డెంగీ వానల జబ్బు అనుకుంటాం గానీ, అది నీటి కరువు జబ్బు కూడా. ఇదే దోమ మోసే చికున్‌గున్యా 2005 చివర్లో మళ్లీ దేశం మీద పడినప్పుడు, మొదట అల్లాడిన ప్రాంతాల్లో రాయలసీమ ఒకటి. అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో కీళ్లు పట్టేసి నెలల తరబడి గోడ పట్టుకుని నడిచినవాళ్లు ఇప్పటికీ ఆ సంవత్సరాన్ని గుర్తు చేసుకుంటారు. 2006లో దేశవ్యాప్తంగా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. దేశంలోనే వానలు అతి తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. అక్కడ వాన నీళ్లు నిలవలేదు. ఇళ్లలో నీళ్లు నిలవ ఉన్నాయి. నల్లా ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ప్రతి ఇంట్లో నాలుగు డ్రమ్ములుంటాయి, ప్రతి డ్రమ్మూ నిండే ఉంటుంది.

ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో రోజు విడిచి రోజు నీళ్లిచ్చే పట్టణాలున్నాయి. వేసవిలో నాలుగైదు రోజులకోసారి ఇచ్చేవీ ఉన్నాయి. అక్కడి ఇల్లాలిని ‘శుక్రవారం పొద్దున డ్రమ్ము ఖాళీ చేయమ్మా’ అంటే, ఆమెకు వినిపించేది ‘ఉన్న నీళ్లు పారబోయి’ అని. శనివారం నల్లా రాకపోతే బిందె పట్టుకుని ట్యాంకర్ దగ్గర నిలబడాల్సింది ఆమే. ఆమె మాట వినలేదంటే అది అజ్ఞానం కాదు, అవగాహన లోపం అసలే కాదు. సంసారం నడిపే మనిషి వేసుకున్న లెక్క. ఆ లెక్కను గౌరవించకుండా చేసే ఏ ప్రచారమూ గడప దాటి లోపలికి వెళ్లదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది మున్సిపాలిటీ చేతిలో ఉంది. రోజూ ఇవ్వలేకపోయినా, నీళ్లు ఏ రోజు, ఏ గంటకు వస్తాయో ఖాయంగా చెప్పి ఆ మాట మీద నిలబడటం. అప్పుడు డ్రై డేని రాష్ట్రమంతా శుక్రవారమే పెట్టక్కర్లేదు. నల్లా వచ్చే రోజు పొద్దున, డ్రమ్ము ఎలాగూ అడుగంటి ఉంటుంది కాబట్టి, అప్పుడే రుద్ది నింపుకోవచ్చు. బుధవారం నీళ్లొచ్చే వీధికి బుధవారమే డ్రై డే. ఈ చిన్న మార్పుకు పైసా ఖర్చు లేదు. నీటి సరఫరా విభాగం, ఆరోగ్య విభాగం ఒకసారి కలిసి కూర్చుంటే చాలు.

రెండోది మూత. వదులుగా పెట్టిన రేకు ముక్క, సగం విరిగిన మూత దోమను ఆపవు. పైగా లోపల చీకటి, చల్లదనం దానికి ఇంకా నచ్చుతాయి. పాత నూలు చీరనో, దోమతెర గుడ్డనో గుండ్రంగా కత్తిరించి అంచుకు ఎలాస్టిక్ కుడితే డ్రమ్ముకు టోపీలా బిగిసిపోతుంది. గుడ్డ మధ్యలో కుంగి నీళ్లకు తగలకుండా లాగి కట్టాలి. డ్వాక్రా సంఘంలో కుట్టు మిషన్ ఉన్నవాళ్లు ఇద్దరుంటే ఒక వీధికి సరిపడా మూతలు రెండు మూడు రోజుల పని. తాగని నీళ్ల తొట్లు, పాడుబడ్డ బావుల్లో దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలడం మన దగ్గర పాత పద్ధతే. వదిలిన చేపలు బతికి ఉన్నాయా అని తర్వాత చూసేవాళ్లు ఉండాలి, అంతే.

తెలియడం వేరు, సిద్ధపడటం వేరు

అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1990లలో సమాజ సన్నద్ధతను కొలిచే ఒక నమూనా తయారు చేశారు. మొదట మద్యం, మాదకద్రవ్యాల నివారణ కోసం చేసిందే అయినా తర్వాత ఎన్నో ఆరోగ్య సమస్యలకు వాడారు. ఒక ఊరు ఏ సమస్య విషయంలోనైనా తొమ్మిది మెట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుందని అది చెబుతుంది. సమస్య ఉన్నట్టే తెలియకపోవడం మొదటి మెట్టు. ‘అది మా దగ్గర లేదులే’ అనడం రెండోది. ‘ఏదో చేయాలి గానీ ఎవరు చేస్తారు’ అన్నది మూడోది. అక్కడినుంచి ఆలోచన, ఏర్పాట్లు, పని మొదలుపెట్టడం, అది కుదురుకోవడం, విస్తరించడం దాటి, చివరి మెట్టు మీద ఊరే ఆ పనిని తనదిగా నడుపుకుంటుంది. ఊళ్లో జరుగుతున్న ప్రయత్నాలు, వాటి గురించి జనానికి ఎంత తెలుసు, పెద్దల పట్టుదల, జనం మనసు, సమస్య మీద అవగాహన, చేతిలో ఉన్న వనరులు అనే ఆరు కోణాల్లో ఊరివాళ్లతో మాట్లాడి ఆ మెట్టును తేలుస్తారు.

ఈ నమూనాలో పనికొచ్చే మాట ఒకటుంది: ఊరు ఏ మెట్టు మీద ఉంటే ఆ మెట్టుకు తగిన పనే చేయాలి. రెండో మెట్టు మీద ఉన్న కాలనీలో ర్యాలీ తీసి, బ్యానర్ కట్టి ప్రయోజనం లేదు. ‘మా ఇంట్లో దోమలెక్కడివి, అన్నీ ఆ కాలవలోంచే’ అనేవాళ్లకు వాళ్ల డ్రమ్ములోని నీళ్లు వాళ్ల తెల్ల పళ్లెంలోనే పోసి చూపించాలి. అదొక్కటే వాళ్ల మాట మార్చగలదు. మూడో మెట్టు మీద ఉన్నవాళ్లకు మళ్లీ మళ్లీ అవగాహన సదస్సు పెడితే విసుగొస్తుంది. వాళ్లకు కావలసింది ఒక మనిషి, ఒక రోజు, ఒక గంట.

మన ఊళ్లలో ఎక్కువ భాగం ఆ మూడో మెట్టు మీదే ఆగిపోయాయనిపిస్తుంది. దోమ వల్ల డెంగీ వస్తుందని తెలియని ఇల్లు ఇప్పుడు దాదాపు లేదు. కానీ ఆశా కార్యకర్త వస్తే డ్రమ్ము రుద్దుతారు, రాని వారం రుద్దరు. అది ఆమె పని అని, సర్కారు పని అని లోపల ఎక్కడో నమ్మకం. నీళ్లలో పురుగుల్ని చంపే టెమిఫాస్ మందు చుక్కలు వేయడానికి వస్తే ‘నీళ్లు వాసనొస్తాయి, వద్దు’ అని తిప్పి పంపుతారు. డబ్బున్నచోట సన్నద్ధత ఎక్కువ ఉంటుందనుకోవడమూ పొరపాటే. గేటెడ్ కమ్యూనిటీల్లో సిబ్బందిని సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తారు. లోపల ఫౌంటెన్, సెల్లార్‌లో ఊరిన నీళ్లు, మేడ మీద తోట కుండీలు ఎవరి కంటా పడవు. చిన్న బస్తీలో ఒక చురుకైన మహిళా సంఘం అధ్యక్షురాలుంటే అక్కడ పని ఇంతకంటే బాగా జరుగుతుంది.

ప్రయత్నాలు లేకపోలేదు. ఢిల్లీలో 2019లో పది వారాలు, పది గంటలకు, పది నిమిషాలు అంటూ ఒక కార్యక్రమం పెట్టారు. తెలంగాణ పురపాలక శాఖ 2020 మేలో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ మొదలుపెట్టింది. ఆలోచన బంగారం లాంటిది. రోజు, గంట, నిడివి మూడూ స్పష్టంగా ఉన్నాయి. మంత్రి దగ్గర్నుంచి కౌన్సిలర్ దాకా తమ ఇంటి కుండీలు వంచుతూ ఫొటోలు పెట్టారు. అలాంటి కార్యక్రమం నిలవాలంటే మాత్రం పై నుంచి వచ్చిన పిలుపు సరిపోదు. వీధిలో దాన్ని మోసే మనిషి కావాలి. పిలుపు ఆగిన ఆదివారం కూడా పది గంటలకు మేడ మెట్లెక్కేవాళ్లు ఉన్నప్పుడే అది అలవాటైనట్టు.

వేరేచోట్ల ఏం జరిగింది

జనం కదిలితే నిజంగా డెంగీ తగ్గుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు నికరాగువా, మెక్సికోల నుంచి వచ్చింది. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ‘కమీనో వెర్దె’ అధ్యయనంలో 150 ప్రాంతాలను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో స్థానికులే ఇంటింటికీ తిరిగి, నీళ్లలో పురుగుల్ని చూపించి, ఏం చేయాలో తమలో తామే తేల్చుకున్నారు. వాళ్లు చేసిన ఈ పనిలో మందులేవీ వాడలేదు. పిల్లల లాలాజలం పరీక్షించి చూస్తే, ఆ ప్రాంతాల్లో డెంగీ సోకే ముప్పు మిగతావాటి కంటే 29.5 శాతం తక్కువగా తేలింది. పూర్తిగా పోలేదు, మూడో వంతుకు దగ్గరగా తగ్గింది. ఇది నిజాయితీ గల అంకె. ‘జనం తలచుకుంటే డెంగీ మాయం’ అనే ఉపన్యాసాల కంటే ఇలాంటి అంకెల మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

వియత్నాం కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడి పల్లెల్లో వాన నీళ్లు పెద్ద తొట్లలో, బావుల్లో దాచుకుంటారు. పారబోయమనే మాటే లేదు. బదులుగా మీసోసైక్లాప్స్ అనే కంటికి ఆనీ ఆనని నీటి జీవిని తొట్లలో వదిలారు. అప్పుడే పుట్టిన దోమ పిల్లల్ని అది తినేస్తుంది. ఏ రకం తొట్లలో దోమలు ఎక్కువ పుడుతున్నాయో ముందు లెక్కగట్టి, వాటి మీదే పని పెట్టారు. ఆరోగ్య కార్యకర్తలు, బడిపిల్లలు, గ్రామస్థులు కలిసి నడిపారు. 1998 నుంచి 2003 మధ్య 37 కమ్యూన్లలో (మన పంచాయతీల్లాంటివి) 32 చోట్ల ఈడిస్ దోమే కనపడకుండా పోయిందని 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. నీళ్లు దాచుకునే జనాన్ని మార్చడానికి చూడకుండా, దాచుకున్న నీళ్లకే కాపలా పెట్టడం ఇందులో ఉన్న తెలివి. మన గాబులకు, గోలేలకు కావలసింది ఈ రకం ఆలోచనే.

సింగపూర్‌లో చట్టం గట్టిది, తనిఖీలు గట్టివి, జరిమానాలు గట్టివి. దోమలు పుట్టే ఇళ్లు చాలా తక్కువ స్థాయికి పడిపోయాయి. అయినా 2020లో అక్కడ 35 వేలకు పైగా కేసులొచ్చాయి. దోమలు తగ్గి ఏళ్ల తరబడి డెంగీ సోకకపోతే జనంలో రోగనిరోధక శక్తీ తగ్గుతుంది. అప్పుడు మిగిలిన కొద్ది దోమలే చాలు. ఒకసారి గెలిచామని పని ఆపే వీలు ఈ జబ్బులో లేదు.

టీకా మాటకొస్తే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), పనేషియా బయోటెక్ కంపెనీ కలిసి తయారు చేసిన దేశీ టీకా మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో పదివేల మందికి పైగా వాలంటీర్లతో మొదలయ్యాయి. అది వచ్చినా డెంగీకే పనిచేస్తుంది. అదే డ్రమ్ములో పుట్టే దోమ మోసే చికున్‌గున్యాను ఆపదు.

జ్వరం వచ్చిన ఇల్లు

నివారణలో ఎంత సిద్ధపడినా కొన్ని కేసులు వస్తాయి. అప్పుడు ప్రాణం నిలిపేది కూడా ముందే తెలిసి ఉండాల్సిన సంగతులే. ఊళ్లలో ఈ భాగం చాలా బలహీనంగా ఉంది.

‘ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి’ అన్న ఒక్క మాట ఇంటిల్లిపాదినీ టెన్షన్‌లోకి నెట్టేస్తుంది. వాట్సాప్‌లో దాతల కోసం మెసేజ్‌లు పరిగెడతాయి, బొప్పాయి ఆకుల కోసం వీధులు గాలిస్తారు. నిజానికి డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువసార్లు ప్లేట్‌లెట్ల అంకె కాదు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారిపోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవడం. రక్తస్రావం లేనప్పుడు, సంఖ్య పది వేల కంటే దిగనంతవరకు సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టర్లు ప్లేట్‌లెట్లతో పాటు, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ అనే అంకెను గమనించేది ప్లాస్మా కారడం పసిగట్టడానికే. ఇంటివాళ్లు కూడా ఆ అంకె అడిగి తెలుసుకోవాలి.

ప్రమాదం వచ్చేది జ్వరం తగ్గేటప్పుడు. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు జ్వరం దిగగానే ‘హమ్మయ్య’ అనుకుని డిశ్చార్జి చేయించుకుని వెళ్లిపోయేవాళ్లున్నారు. ఆ రోజుల్లోనే కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మూత్రం తగ్గడం, మనిషి మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకసారి వచ్చినవాళ్లకు వేరే రకం సోకితే రెండోసారి ముదిరే అవకాశం ఎక్కువ. కిందటేడు వచ్చిపోయింది కదా, ఇక రాదులే అనుకోవడం ఎంతమాత్రం సరికాదు.

పల్లెల్లో మొదట చూసేది ఆర్‌ఎంపీలే. జ్వరం, ఒళ్లు నొప్పులు అనగానే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆస్ప్రిన్, ఇబుప్రొఫెన్ కూడా అంతే. కావలసినవి పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, పరీక్ష, డాక్టర్. ఆర్‌ఎంపీలను, మెడికల్ షాపుల వాళ్లను కూర్చోబెట్టి జూన్ నెలలో ఈ మాట చెప్పడానికి పీహెచ్‌సీకి ఒక్క పూట చాలు. వాళ్లను పక్కన పెట్టి చేసే ప్రణాళిక కాగితం మీదే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. జ్వరం వచ్చిన మనిషి మొదటి అయిదు రోజులు పగలు కూడా దోమతెరలో పడుకుంటే, అతన్ని కుట్టి వైరస్ తీసుకెళ్లే దోమకు ఆ దారి మూసుకుంటుంది. తెర రోగి కోసం కాదు, పక్కింటివాళ్ల కోసం. అలాగే ప్రైవేటు ల్యాబ్‌లో ర్యాపిడ్ కిట్‌తో తేలిన కేసు చాలాసార్లు మున్సిపాలిటీ చెవిన పడనే పడదు. చుట్టుపక్కల ఇళ్లలో డ్రమ్ములు చూసేవాళ్లు రారు. ఇంట్లో ఎవరికైనా డెంగీ అని తేలితే ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో ఒక ఫోన్ చేయాలి. దాచుకోవాల్సిన జబ్బు కాదిది.

వీధి నోట్‌బుక్

పని క్యాలెండర్ ప్రకారం సాగాలి. ఏప్రిల్, మేలలో గాబులు, డ్రమ్ములు, కూలర్లు. జూన్‌లో బడులు తెరిచే ముందు రోజుల్లో, వేసవి సెలవులంతా కదలని స్కూలు నీళ్ల ట్యాంకులు, హాస్టళ్ల తొట్లు. పగలు కుట్టే దోమకు పిల్లలు పగలంతా ఉండే చోటు మించింది లేదు, ఆ మాట విద్యాశాఖ క్యాలెండర్‌లోకి ఇంకా ఎక్కాలి. జూలై నుంచి అక్టోబర్ దాకా మేడలు, టైర్లు, కడుతున్న భవనాలు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి కాబట్టి డిసెంబర్ దాకా.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీలకు జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏటా 10 వేల రూపాయల దాకా స్వేచ్ఛా నిధి ఉంది. బ్రష్షులు, టార్చి, తెల్ల ట్రే, మూతలకు గుడ్డ, ఎలాస్టిక్, వీటికి అందులో కొంత చాలు. ఆ కమిటీలో ఎవరున్నారో కూడా తెలియని ఊళ్లు చాలా ఉన్నాయి, ముందు ఆ పేర్లు పంచాయతీ గోడ మీద రాయించాలి.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి నిపుణులు వాడే లెక్క సులువే. నూరిళ్లు చూస్తే ఎన్ని పాత్రల్లో పురుగులున్నాయన్నదే బ్రెటో ఇండెక్స్. వీధిలో డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, వారానికి పాతిక ఇళ్ల చొప్పున ఆ లెక్క రాసుకోవచ్చు. ఇంటి నంబరు, ఎన్ని పాత్రలు చూశారు, ఎన్నింట్లో పురుగులున్నాయి, ఏ రకం పాత్ర. నెల తిరిగేసరికి ఎక్కువ దోమల్ని పుట్టిస్తున్నది గాబులా, కూలర్లా, పైన కడుతున్న అంతస్తా అన్నది ఆ పేజీల్లోనే తేలిపోతుంది. ఇంటివాళ్ల పేర్లు పెట్టి గ్రూపులో వేయకూడదు. పరువు పోయిందనుకుంటే మర్నాడు తలుపు తీయరు.

ఆ నోట్‌బుక్‌లో ఒక పేజీ తాళం వేసిన ఇళ్లకు కేటాయించాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్ల ఇల్లు, అద్దెకు ఎవరూ దొరకక ఖాళీగా ఉన్న పోర్షన్, గొడవల్లో ఉండి ఏళ్లుగా మూసిన ఇల్లు ప్రతి వీధిలోనూ ఒకటో రెండో ఉంటాయి. లోపలి సంపు, మేడ మీద మూత ఊడిన ట్యాంకు ఎవరూ చూడరు. ఊళ్లో లేని యజమాని ఫోన్ నంబరు, మేడ మెట్ల గేటు తాళంచెవి పక్కింట్లో ఒకటి. ఈ రెండూ మే నెలలోనే అడిగి పెట్టుకుంటే, జూలైలో ఆ ట్యాంకు మూత బిగించడానికి ఎవరూ గోడ దూకనక్కర్లేదు.